తేలికబాటకు టీకా తాత్పర్యం

మూలం: కొండవీటి అడవి చుట్టూ సైకిలుబాట, తేలిక, ఎవరైనా తొక్కవచ్చు.

ప్రతిపదార్థం: కొండవీటి = గుంటూరుకు పడమరగా, నేటి పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉన్న గిరిదుర్గానికి చెందిన; అడవి = తుమ్మా సీతాఫలమూ ముళ్లకంపా గల రిజర్వు ఫారెస్టుకు; చుట్టూ = బయలుదేరిన చోటికే తిరిగి చేరేలా; సైకిలుబాట = పొలాల డొంకలూ కొండ పాదపు కాలిబాటలూ కలిసిన త్రోవ; తేలిక = (వివాదాస్పదం, కింద చూడండి); ఎవరైనా = గేర్ల సైకిలు కొన్న ఉద్యోగి మొదలు అద్దె సైకిలు కుర్రాడి వరకు; తొక్కవచ్చు = తొక్కే శక్తి ఉంటుందని ఒక అర్థం, అనుమతి ఉంటుందని మరొకటి.

అవతారిక: ఇంత చిన్న వాక్యానికి టీక ఎందుకని అడగవచ్చు. ఇది టీకాకారుల కొండ. ఇక్కడి ప్రభువు కుమారగిరిరెడ్డి మంత్రి కాటయవేముడు కాళిదాసు నాటకాలు మూడింటికీ వ్యాఖ్య రాశాడు. పెదకోమటి వేమారెడ్డి సింహాసనం మీద ఉండి కూడా అమరుకానికి ‘శృంగారదీపిక’ రాశాడు. ప్రభువులే టీకలు రాసిన చోట ఒక సైకిలు వాక్యానికి టీక రాయడం పెద్ద సాహసమేమీ కాదు. కొండవీటి చాంతాడంత కాకుండా చూసుకుంటే చాలు.

టీక: ‘తేలిక’ అన్నది దేని ధర్మం? తొక్కేవాడిదా, బాటదా, మరొకదానిదా? 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో పుట్టిన కొండబాటల సైకిలు విద్యకు అమెరికాలో శాస్త్రం ఏర్పడింది. అక్కడి అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం లెక్కలో తేలికబాటకు గుర్తు ఆకుపచ్చ వృత్తం. సగటు వాలు నూటికి 5 దాటకూడదు, ఎక్కడా 15 మించకూడదు, వెడల్పు 36 అంగుళాలకు తగ్గకూడదు, నేల గట్టిగా, స్థిరంగా ఉండాలి. మొదటి మూడూ కొలబద్దతో తేలిపోతాయి, వాటితో మనకు పేచీ లేదు. నాలుగోది మాత్రం గుంటూరు, ప్రకాశం సీమల్లో ఏడాది పొడవునా నిలిచే లక్షణం కాదు. పత్తికీ మిరపకూ ప్రాణమైన నల్లరేగడిలోని బంకమన్ను తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వానాకాలంలో చక్రానికీ ఫోర్కుకూ మధ్య ముద్ద పట్టి, మనిషిని మోయవలసిన సైకిలును మనిషే మోస్తాడు. వైశాఖంలో అదే నేల నెర్రెలు విచ్చి టైరును పట్టుకుంటుంది. అడుగు నేల ఎర్ర గరపయిన కొండ పాదం కొంత నయమే. అయితే అక్కడికి చేరడానికి రేగడి డొంక దాటాలి గదా. నీటి సంగతి చూసినా ఇదే తేలుతుంది. లోతు బావుల పుణ్యాన చాంతాడు సామెతకెక్కిన ఈ కొండల నుంచే కొండవీటి వాగు బయలుదేరుతుంది. ఆ వాగు వరదను కృష్ణలోకి తోడిపోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకమే పెట్టవలసి వచ్చింది. ఒక ఋతువులో గుక్కెడు నీళ్లకు చాంతాడు వెతికించి, మరో ఋతువులో పొలాలు ముంచే కొండ చుట్టూ ఉన్న బాటకు ఒకే విశేషణం ఏడాదంతా ఎలా అతుకుతుంది? కాబట్టి తేలిక అన్నది నెలకు చెందిన గుణం. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా, అదీ పొద్దు ఎక్కకముందు, మూలం సత్యమే. ఆ నెలల్లోనే మిరపకోతలూ సాగుతాయి. డొంక పక్క కళ్లాల్లో ఎండబోసిన కాయల మీదుగా చక్రం పోనిచ్చినవాడికి బాట తేలికే కావచ్చు, రైతు నోరు మాత్రం తేలిక కాదు.

పూర్వపక్షం: లావు టైర్లు వేస్తే రేగడి ఏం చేస్తుందని కొందరు అంటారు. గుబ్బల టైరు పట్టును పెంచినట్లే ముద్దనూ పెంచుతుందని సమాధానం. పైగా పల్లేరుకాయ ఉంది. అమెరికా సైకిలిస్టులు మేకతల అని పేరుపెట్టి తిట్టుకునే ముల్లు ఇదే మొక్కది. ట్యూబు లేని టైరులో జిగురు పోసుకోవడం రెండు దేశాలవారికీ ఒకటే ఉపాయం. కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉండగా డొంకలెందుకని మరికొందరి ఆశంక. తారు మీద బురద లేదు, నిజమే. దానిమీద ఎక్కితే అడవి చుట్టు తిరిగినట్లు కాదు, కొండ ఎక్కినట్లవుతుంది. వృత్తం బదులు గీత, వెనక హారన్లు. మూలానికి అది అర్థం కాజాలదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపం నల్లమల వాళ్లది. ముళ్లకంపను అడవి అంటారా, దోర్నాల అవతలకు వెళ్లి చూడండని వాళ్ల మాట. అడవి ఘనతను ఎవరూ కాదనరు; దేశంలోని పులుల అభయారణ్యాల్లో నాగార్జునసాగర్ శ్రీశైలం అతి పెద్దది. అయితే ‘తొక్కవచ్చు’కు రెండో అర్థం అక్కడే అడ్డం తిరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం, అభయారణ్యం గుండా పోయే ప్రజల రహదారి మీద ప్రయాణించేవాడికి మినహాయింపు ఉంది; దారి దిగి లోపల చుట్టు కొట్టదలిస్తే అనుమతి పత్రం కావాలి. ఇది పులి పక్షాన రాసిన నియమం, న్యాయమైనది. శక్తి ఉండి అనుమతి లేని చోటును ‘ఎవరైనా’ అనే పదం చేరదు. కొండవీడు కూడా రిజర్వు ఫారెస్టే కనుక కాలిబాట పట్టే ముందు అటవీ సిబ్బందిని అడగాలి. ఆ చిక్కు వద్దనుకునేవాడికి పొలాల డొంకలు మిగిలే ఉన్నాయి.

తాత్పర్యం: సంక్రాంతి దాటాక, తెల్లవారుతూనే, రెండు సీసాల నీళ్లతో, అడిగి వెళ్లినవాడికి కొండవీటి చుట్టు తేలిక. మిగతా నెలల్లో ఆ మాటను పాఠదోషంగా ఎంచాలి. రేపు ఏ శాఖవారైనా అక్కడ బోర్డు పెడితే కిలోమీటర్ల పక్కన నెలల పేర్లు కూడా రాయించమని మనవి.