పైకి పొగ, కిందికి నూనె

హైదరాబాద్–విజయవాడ హైవే మీద లారీలు, బస్సులతో పాటు ఇంకో రెండు సరుకులు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. వాటికి వే బిల్లు లేదు, టోల్ గేటు లేదు. ఒకటి పొగ. అది పేదోళ్ళ వంటింట్లో బయల్దేరి పెద్దోళ్ళ విస్తట్లోకి ఎక్కుతుంది. రెండోది నూనె. అది పెద్దోళ్ళ విస్తట్లో బయల్దేరి పేదోళ్ళ కడుపులోకి దిగుతుంది. ఎక్కేకొద్దీ పొగకు రేటు పెరుగుతుంది. దిగేకొద్దీ నూనెకు నలుపు పెరుగుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ రెండు వ్యాపారాలూ ఇంత సాఫీగా సాగుతున్నందుకు మనమంతా ఛాతీ విరుచుకోవాలి. సూర్యాపేటను తెలంగాణ ముఖద్వారం అంటారు. ద్వారమన్నాక ఎక్కేవీ దిగేవీ రెండూ ఉండాలి గదా!

ముందు పొగ సంగతి చూద్దాం. పత్తికట్టె, కందికట్టె, తుమ్మమొద్దు పొయ్యిలోకి ఎగదోసి, గొట్టంతో ఊది ఊది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మన తల్లులు తరాల తరబడి వండి పెట్టారు. అన్నాళ్ళలో ఆ వంటకు స్మోకీ ఫ్లేవరుందని మెచ్చుకున్న మగాడు ఒక్కడు లేడు. ‘అన్నం పొగచూరింది’ అని కంచం అవతలికి నెట్టినవాళ్ళే అందరూ. తర్వాత 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మేలో ఉజ్వల వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 500 రూపాయలకే సిలిండరంటూ మహాలక్ష్మి వచ్చింది. మూడు ప్రభుత్వాలు, మూడు పేర్లు, ఒకటే మాట: కట్టెల పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తులకు చేటు. ఆ మాట నిజమే. 2020లో ఇళ్ళలోని పొగ వల్ల ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇల్లాలు పొయ్యి ఆర్పిందో లేదో, ఆ నిప్పు ఎత్తుకుపోయి హైవే పక్కన రాజేశారు. బోర్డులు చూడండి: ‘కట్టెల పొయ్యి నాటుకోడి’, ‘కట్టెల పొయ్యి బిర్యానీ’. ఇంట్లో రోగమని ప్రభుత్వం డబ్బిచ్చి మరీ మాన్పించింది హోటల్లో సంప్రదాయమై కూర్చుంది. తినేవాడు ఏసీలో ఉంటాడు గనక పొగ అతని దాకా రాదు, దాని రుచి మాత్రం వస్తుంది. పీల్చే డ్యూటీ వెనక రేకుల షెడ్డులో ఉన్న వంటమనిషిది. ఆయనకు ఉజ్వల వర్తించదు. ఆయన వండేది ఇంట్లో కాదాయె!

ఇక పల్లెల్లో పొయ్యి నిజంగా ఆరిందా అంటే, చుట్టమొస్తే టీకి గ్యాసు, రోజూ పెరట్లో వేన్నీళ్ళకు కట్టెలు. సిలిండరు నిండుకుంటే వంట కూడా పెరట్లోకే. ఆ పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మ ఫోటో ఏ బిర్యానీ హోటలూ గోడకు పెట్టదు. మట్టికుండ, మంట, రాగి గరిటె మాత్రం పెడతారు. మనిషిని తీసేస్తేనే సంప్రదాయం అందంగా కనపడుతుంది.

ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరం మనకెలాగూ లేదు. మే నెలలో 45 డిగ్రీల ఎండ ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. ఆ ముచ్చట తీరాలంటే అమెరికా పోవాలి. కోదాడ నుంచి వెళ్ళిన కుర్రాడు అక్కడ ఇల్లు కొని, హాల్లో ఫైర్‌ప్లేస్ పెట్టించుకుని, అందులో కట్టెలు రాజేసి, వీడియో కాల్‌లో నాయనమ్మకు చూపిస్తాడు. ఆమె కంగారు పడుతుంది: “అయ్యో బిడ్డా, గ్యాస్ అయిపోయిందారా?” పాపం, అవే కట్టెలు ఆమె పెరట్లో కాలితే పేదరికమనీ, మనవడి హాల్లో కాలితే హోదా అనీ ఆమెకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు నూనె. హోటల్లో పొద్దున్నే కొత్త పామోలిన్ డబ్బా కోస్తారు. మొదటి రోజు అది బంగారం. పూరీ దేవుడి పటంలా మెరుస్తుంది. రెండో రోజు ఇత్తడి. మూడో రోజుకు నురగ లేస్తుంది, పొగ చిమ్ముతుంది, పక్కనున్నవాడి కళ్ళు మండుతాయి. హోటలాయన దైవభక్తుడు, నూనెను మోరీలో పారబోస్తే లక్ష్మి అలుగుతుందని తెలిసినవాడు. అందుకని రాత్రి షట్టరు సగం దించాక, ఖాళీ డబ్బా కట్టుకుని ఒక మోపెడ్ వస్తుంది.

“సేటూ, గీ నూనె ఇంత నల్లగున్నదేంది?”

“నలుపు కాదు తమ్మీ, అనుభవం. నాలుగొద్దుల సంది కాగుతున్నది. నీ మిర్చీలకు రంగు ఉత్తగనే వస్తది.”

“జర తగ్గించు మరి.”

“పో, కొత్త నూనె కొనుక్కో పో. అప్పుడు మిర్చి ఎంతకమ్మాల్నో నువ్వే లెక్క చెయ్యి.”

మోపెడ్ లెక్క చేస్తుంది, డబ్బా కట్టుకుని పోతుంది. మర్నాడు సాయంత్రం బస్టాండు పక్కన బండి మీద ఆ నూనె మళ్ళీ కాగుతుంది. తగ్గినప్పుడల్లా పైన కొత్తది పోస్తారు గాని కింద పాతది తీయరు. అడుగునున్న చుక్క ఏ ఏడాదిదో పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి తేల్చాలి.

నూనె కాగేటప్పుడు జరిగేది మాయ కాదు. వేడికి, గాలికి, పిండిలోంచి వచ్చే తడికి నూనె విరిగిపోతుంది. ఆ విరిగిన ముక్కలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పోలార్ కాంపౌండ్స్. 2018 జూలై 1 నుంచి దేశంలో చట్టం ఏమిటంటే, ఇవి మొత్తం కలిపి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. కొలవడానికి మీటరుంది. కడాయిలో ముంచితే అంకె చెబుతుంది. మన బండి దగ్గర ఆ మీటరు కస్టమర్ నాలుకే. రాత్రికి ఛాతీలో మంట పుడితే 25 దాటినట్టు, పుట్టకపోతే అలవాటు పడినట్టు.

కట్టెల పొగకూ కాగిన నూనె పొగకూ చుట్టరికం కలిపింది నేను కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ఒకే సంపుటంలో రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇంట్లో కట్టెలు కాల్చితే వచ్చే పొగ, అధిక వేడిలో వేయించితే వచ్చే ఆవిరి, రెండూ బహుశా క్యాన్సర్ కారకాలేనని ఒకే తరగతిలో చేర్చింది. కట్టెల పొయ్యి మీద పాత నూనె పెట్టి వేయించే మహానుభావుడు ఆ సంపుటాన్ని మొత్తం ఒక్క కడాయిలో చదివేశాడన్నమాట.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2018 ఆగస్టులో రూకో అని పథకం పెట్టారు. వాడిన నూనె సేకరించి బయోడీజిల్ చేయాలి. 2022కల్లా 220 కోట్ల లీటర్ల వాడిన నూనె అలా రాబట్టవచ్చన్నారు. దానికి మూడు ‘ఈ’లు ప్రకటించారు: ఎడ్యుకేషన్, ఎన్‌ఫోర్స్‌మెంట్, ఎకోసిస్టమ్. మన దగ్గర మొదట కనిపించేది నాలుగోది, నూనె డబ్బా చుట్టూ ముసిరే ఈగ. 2022 వచ్చింది, వెళ్ళింది. డీజిల్లో బయోడీజిల్ వాటా 2030కల్లా 5 శాతం కావాలని 2018 నాటి జాతీయ విధానం చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది ఒక్క శాతానికి చేరలేదు. మరి ఆ నూనంతా ఎటు పోయిందని అడక్కండి. తిన్నది మీరే.

2019 మార్చి 1 నుంచి ఇంకో నియమం. రోజుకు 50 లీటర్లకు మించి వేపుళ్ళకు వాడే హోటళ్ళు లెక్క రాయాలి, పాత నూనెను అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. చక్కటి గీత. గీత గీయగానే హైవే మీద ప్రజల ఆకలి అంతా వచ్చి 49 దగ్గర ఆగింది. లెక్క పుస్తకం అడిగితే దొరికేది నిరాహార దీక్ష. ఇక చట్టం చూపు 50కి పైనే గనక, ఆ పాత నూనె కొనుక్కునే బండివాడు దాని కంటికి ఆనడు. వాడి బజ్జీ తినే హమాలీ అసలే ఆనడు.

అసలు కీలకం నీతిలో లేదు, రేటులో ఉంది. 2019 ఆగస్టు 10న ప్రభుత్వ చమురు కంపెనీలు వాడిన నూనెతో చేసిన బయోడీజిల్‌కు మొదటి ఏడాది లీటరుకు 51 రూపాయలు ఇస్తామన్నాయి. అందులోంచి మిథనాల్ ఖర్చు, కరెంటు ఖర్చు, లారీ కిరాయి, ఓనరు లాభం పోను పాత నూనెకు ఇవ్వడానికి మిగిలేది ఎంత? బండివాడి లెక్క వేరు. కొత్త నూనె వంద దాటింది. దిగుమతి సుంకం 2024 సెప్టెంబరులో పెంచారు, 2025 మే చివర్లో ముడి నూనెల మీద కొంత దించారు. ఎక్కినంత తొందరగా అంగట్లో రేటు దిగదన్నది మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అంత పెట్టి కొనాల్సిన కొత్త నూనెకు బదులుగా వాడుకుంటాడు గనక, పాతదానికి బండివాడు బయోడీజిల్ ఫ్యాక్టరీ కన్నా ఎక్కువే ఇవ్వగలడు. అంటే దేశంలో వాడిన నూనెకు అత్యధిక ధర కట్టి శుద్ధి చేస్తున్న రిఫైనరీ పేదవాడి కడుపు. దానికి భూమి కేటాయించనక్కర్లేదు, కరెంటు రాయితీ ఇవ్వనక్కర్లేదు. అది పాడైతే మరమ్మతు ఖర్చు కూడా వాడిదే.

యూరప్‌లో ఈ నాటకం తిరగబడింది. అక్కడ వాడిన నూనెతో చేసిన ఇంధనాన్ని లక్ష్యాల లెక్కలో రెట్టింపుగా చూపుకోవచ్చు. దాంతో ఒక్కోసారి పాత నూనె కొత్త పామాయిల్ కన్నా ఖరీదైంది. ఆసియా నుంచి వచ్చే సరుకులో కొత్త నూనెనే పాతదని చెప్పి అంటగడుతున్నారని అక్కడివాళ్ళ అనుమానం. వాళ్ళ దగ్గర కొత్తది పాతదిగా చెలామణీ, మన దగ్గర పాతది కొత్తదిగా చెలామణీ. వాళ్ళ మోసంలో దెబ్బ తినేది ప్రభుత్వం, మన మోసంలో దెబ్బ తినేది పేగు.

విమానాలు కూడా ఈ నూనె కోసం క్యూలో ఉన్నాయి. వాడిన వంటనూనెతో విమాన ఇంధనం చేయడానికి ఇండియన్ ఆయిల్ వారి పానిపట్ రిఫైనరీకి 2025 ఆగస్టులో అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది. 2027 నుంచి అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఒక శాతం ఇలాంటిది కలపాలన్నది లక్ష్యం. అంత దూరం ఎందుకు? సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఆర్టీసీ డిపోలున్నాయి. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్ను పల్లీనూనెతో నడిపి చూపించారు. అయినా మన హైవే మీద బస్సు హోటలు ముందు ఆగుతుంది, డ్రైవరు పది నిమిషాలంటాడు, జనం దిగుతారు. బస్సు తాగాల్సింది ప్రయాణికులు తిని మళ్ళీ ఎక్కుతారు.

చేతకాదని మాత్రం అనకండి. మిర్యాలగూడలో రైస్ మిల్లులున్నాయి. క్వింటాలు వడ్లు ఆడితే సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. ఒకప్పుడు అది చెత్త. ఇప్పుడు ఉప్పుడు బియ్యం ఉడికించే బాయిలర్లు నడిచేది దానితోనే, మిగిలింది లారీలకెక్కి అమ్ముడవుతుంది. బూడిద కొంత డాబాల మీద ఆరేసిన బట్టల మీద వాలుతుంది, అది వేరే ఏడుపు. కానీ ఇంత ఊకలో గుప్పెడు కూడా ఎవరూ బిర్యానీలో కలిపి మనకు పెట్టరు. మిల్లర్లు పుణ్యాత్ములని కాదు, ఊకకు కొనేవాడున్నాడు గనక. సూర్యాపేట మున్సిపాలిటీ కూడా రెండు దశాబ్దాల కిందటే ఇంటింటికీ బండి పంపి తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించి, చెత్తకుండీలు లేని పట్టణమని దేశమంతా చెప్పుకునేలా చేసింది. తడికీ పొడికీ బుట్టలు పెట్టిన ఊరు జిడ్డుకు ఒక డబ్బా పెట్టలేకపోయింది.

డబ్బా పెట్టకపోతే నూనె మోరీ బాట పడుతుంది. హైదరాబాద్ కడాయిలు కడిగిన నీళ్ళు మూసీలో పడి, సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. అంటే రాజధాని తిన్న బిర్యానీలో మనకూ వాటా ఉంది, ముక్క తప్ప.

కాబట్టి అయ్యా, చేయాల్సింది చిన్నదే. చెత్తబండికి ఒక క్యాను తగిలించండి. బండివాడిచ్చే ధర కన్నా రూపాయి ఎక్కువ పెట్టి హోటళ్ళ దగ్గర పాత నూనె కొనండి. ఆ రూపాయి దండగ అనిపిస్తే ఆసుపత్రి బిల్లులతో సరిచూసుకోండి. 50 లీటర్ల గీత చెరిపేసి, డబ్బా కొన్న బిల్లుకూ పాత నూనె అప్పజెప్పిన రసీదుకూ లంకె పెట్టండి. కట్టెల పొయ్యి బోర్డు పెట్టుకున్నవాళ్ళను పొగగొట్టం ఎక్కడుందో, వంటమనిషి ఛాతీ ఎక్స్‌రే ఎప్పుడు తీయించారో అడగండి.

ఇవన్నీ చర్చించడానికి ఎలాగూ సమీక్షా సమావేశం పెడతారు. సమావేశమన్నాక సమోసాలొస్తాయి. ఆ సమోసాలు వేగిన కడాయిలోనే మొదటి మీటరు ముంచండి. 25 దాటితే ఆ పూట ప్లేట్లు వెనక్కి పంపండి. హమాలీలు బజ్జీలు తిని పడిపోతే ఫైలు కదలదు గాని, సమోసా రాని సమావేశాలు రెండు జరిగితే మూడోదానికి జీవో వచ్చి తీరుతుంది.