పులి బొచ్చుకి రంగు కొట్టడం: తొందరగా తేల్చుకోవాలనుకునేవాళ్లకి చిట్కాలు

దసరా దగ్గర పడింది. ఈసారి పులివేషగాడి ఒంటికి పెయింటు పుయ్యకుండా బొచ్చు గుడ్డతో తొడుగు కుట్టించి, దాని మీద ఎయిర్ బ్రష్‌తో చారలు వేయిద్దామని మీ కుర్రాళ్లకి బుద్ధి పుట్టింది. మంచిదే. కేరళలో త్రిశూరులో ఓణం నాలుగో రోజు పులికళి ఆడతారు. ఆ ఆటగాళ్లు గంటలకొద్దీ చేతులు చాపి నిలబడి, ఒక పూత ఆరాక ఇంకో పూత వేయించుకుంటారు. అంత ఓపిక మన పర్చూరులో ఎవరికుంది? పత్తి తీతకి కూలీల కోసం తిరిగేసరికే ప్రాణం పోతోంది.

ముందు గుడ్డ. తెల్లదీ చవకదీ చూసి కొనండి, ఏ పోగో అడగొద్దు. అడిగితే అక్రిలిక్ అంటాడు. దాన్ని డ్యూపాంట్ కంపెనీ 1941లో తయారుచేసింది, పెట్రోలుకి చుట్టం, పత్తికి ఏమీ కాదు. దానికి అసలైన అద్దకం వెయ్యాలంటే కేటయానిక్ రంగులు కావాలి, నీళ్లు మరిగే దాకా కాగాలి. అంత వేడికి బొచ్చు ముడుచుకుని ఉండ కడుతుంది. అందుకే బొచ్చు మీద పనిచేసేవాళ్లు అద్దకం మానేసి, ఎయిర్ బ్రష్ కోసమే పలచగా చేసిన అక్రిలిక్ పెయింటో, స్పిరిటులో కలిపిన మార్కర్ సిరానో వాడతారు. మనకి ఆ బాధ దేనికి? బస్సెక్కితే చీరాల. అక్కడ నేతగాళ్లు తరతరాలుగా నూలుకి రంగులద్దుతున్నారు. ఆ పొడి ఓ పొట్లం తెచ్చి చెంబుడు చల్లనీళ్లలో కలపండి. నూలుకి పట్టే రంగు పులికి పట్టదా? పట్టదు. కానీ ఆ సంగతి తడిసినప్పుడు కదా బయటపడేది!

ఇక పరికరం. ఎయిర్ బ్రష్ చూడ్డానికి పెన్నంత ఉంటుంది, నాజిల్ రంధ్రం 0.3, 0.5 మిల్లీమీటర్లు. దానికో కంప్రెసర్, 20 నుంచి 30 పీఎస్‌ఐ గాలి, గాలిలో చెమ్మ పట్టడానికి మధ్యలో ఓ చిన్న సీసా. దండగ. కొట్టంలో పత్తికి మందు కొట్టే తైవాన్ పంపు ఉందిగా, అది భుజానికి తగిలించుకోండి. పురుగుమందు పోసిన డబ్బా ఎన్నిసార్లు కడిగినా ఒంటికి తొడిగే గుడ్డ దగ్గరికి తేకూడదని మీ ఇంటావిడ గోల పెడుతుంది. ఆవిడకి పులంటే భయం లేదు, మందంటే భయం. పంపు కొట్టేది చేను తడవడానికి కాబట్టి రంగు కుదుళ్ల దాకా దిగుతుంది, ఆరాక పది పోగులు కలిసి ఒక జడ అవుతాయి. కంగారు పడొద్దు. సాగర్ కాలవ నీళ్లు మన చివరాయకట్టుకి అందినా అందకపోయినా, పులి మాత్రం అందులో ఈదుకుంటూ వచ్చినట్టుందని అందరూ మెచ్చుకుంటారు.

పక్క వీధిలో ఒక కుర్రాడున్నాడు. వాడిలా చెయ్యకండి, ఊరికే పేరు చెడగొడుతున్నాడు. అరచేతంత ముక్క కత్తిరించుకుని దాని మీదే ఒక రోజంతా గడిపాడు. బొచ్చు ఎటు వాలుతుందో చేత్తో నిమిరి చూశాడు. జానెడు దూరం నుంచి ఒక్క పొగ వదిలి, అది తడిగా ఉండగానే కుక్కలకి దువ్వే తీగల బ్రష్‌తో ఎదురు దువ్వాడు. మళ్లీ పొగ, మళ్లీ దువ్వుడు. వేళ్లతో బొచ్చు విడదీసి చూపించాడు: మొదట్లో తెలుపు, మధ్యలో పసుపు, కొసల్లో నారింజ, ఏ పోగుకి ఆ పోగు విడివిడిగా ఉంది. నలుపు ఆఖరికి ముట్టుకున్నాడు, లేత రంగు మీద ముదురు వెయ్యొచ్చు గానీ ముదురుని చెరిపే మార్గం లేదట. గుడ్డ కత్తిరించడం కూడా వెనక నుంచి, బ్లేడుతో అడుగు బట్ట ఒక్కటే కోశాడు, బొచ్చు తెగకుండా. ఇలాగైతే తొడుగు పూర్తయ్యేసరికి సంక్రాంతి వస్తుంది. మీరు కత్తెరతో పైనుంచి బరబరా కోసెయ్యండి. అతుకుల దగ్గర పులికి క్షవరం చేసినట్టుంటే, అది నాగరికం తెలిసిన పులి.

చారలకి స్కేలు వాడండి. మార్కాపురం అవతల నల్లమలలో అడవి శాఖవాళ్లు కెమెరాలు కట్టి, చారల్ని బట్టే ఏ పులి ఏదో పోలుస్తారు. ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు, అసలు కుడిపక్క ఉన్నవి ఎడమపక్క ఉండవు. అది అడవి పులుల క్రమశిక్షణ లోపం. మనం రెండు పక్కలా సమానంగా గీద్దాం.

పనిచేసేచోట కింద పరవడానికి కిందటేడు మిరప కల్లంలో వాడిన పట్టా తెచ్చుకోండి. గాలి తగలగానే మడతల్లో ఉన్న కారం లేస్తుంది. ఆ తుమ్ముకి చెయ్యి అదిరి పడే చార ఒక్కటే తొడుగు మొత్తంలో సహజంగా ఉంటుంది. రంగు పొగ ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఫిల్టరున్న మాస్కు పెట్టుకోవాలి, తలుపులు తెరవాలి అంటారు. తెరిస్తే కోళ్లొస్తాయి, మూసెయ్యండి. (స్పిరిటు కలిపిన సిరా వాడితే మాత్రం దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. ఈ ఒక్క మాటా నవ్వుకి చెప్పడం లేదు.)

ఆరబెట్టడానికి పత్తి బోరాలు దించిన వసారా శ్రేష్ఠం. ఎగిరే పింజలు తడి రంగుకి అంటుకుని పులికి పెద్దరికం వస్తుంది.

చివరి మెట్టు పండగనాడు. ఎండ, డప్పులు, లోపల మనిషికి గాలాడదు. అరగంటకి చెమట కారి, చీరాల పొడి తొడుగుని వదిలి మెల్లగా ఒంటికి దిగుతుంది. పోగుకి పట్టని రంగు చర్మానికి బ్రహ్మాండంగా పడుతుంది. గుడి దగ్గరికి చేరేసరికి తొడుగు వెలిసిపోయి ఉంటుంది. దాన్ని విప్పి పక్కన పడేయమనండి. లోపల పసుపూ నారింజా మరకలతో వేషగాడు తయారుగా ఉంటాడు, మన తాతల నాటి పద్ధతిలో. రంగు కొట్టిన కూలి మాత్రం తొడుగు విప్పకముందే వసూలు చేసుకోండి.