మాట ముందా, మూతి ముందా?

పెళ్ళి వీడియోలో పురోహితుడు నోరు మూసినాక మంత్రం వినబడుతోందనుకోండి. తెలిసీ తెలియనివాళ్ళు వెంటనే ఆ తేడా ఎంత ఉందో, ఎక్కడ మొదలైందో చూడబోతారు. మీరు ఆ పని చేయొద్దు. చూస్తే జబ్బేదో తెలిసిపోతుంది. జబ్బు తెలిసినాక మన హస్తవాసి చూపించుకునే అవకాశం ఎక్కడిది?

రాయచోటిలో స్టూడియో పెట్టుకున్నవాళ్ళకు ఈ సలహాలు మరీ అవసరం. ఇక్కడ పెళ్ళి వీడియో వచ్చినవాళ్ళ కోసం తీసేది కాదు, రాలేకపోయినవాళ్ళ కోసం తీసేది. ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కువైట్‌కు ఒక మనిషినైనా పంపని వీధి దొరకడం కష్టం. డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా, ఇళ్ళలో పనిమనుషులుగా పోయినవాళ్ళకు చెల్లెలి పెళ్ళికని లీవు అడగ్గానే దొరకదు. డ్యూటీ దిగినాక గదిలో పడుకుని ఆ వీడియో పెట్టుకుంటారు. ఒకసారి చూసి ఊరుకోరు, తప్పు దొరికేదాకా చూస్తారు. అందుకని జవాబు ముందే సిద్ధం చేసుకోండి: కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది, ఒక అర సెకను శబ్దం వెనకబడితే అదొక లెక్కా అని అడగండి.

ఇంక పనిలోకి దిగుదాం. వీడియో మొదటి నిమిషంలో ఒకసారి, ఆఖరి నిమిషంలో ఒకసారి తేడా కొలవమని కొందరు చెబుతారు. రెండుచోట్లా ఒకటే తేడా ఉంటే శబ్దం మొత్తాన్నీ ఆ మేరకు జరిపితే చాలట. మొదట్లో కుదిరి, పోనుపోను తేడా పెరుగుతుంటే వేగాల లెక్క ఎక్కడో తప్పిందని అర్థమట. మొదటిదానికి ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో శబ్దం ట్రాక్‌కు ఎదురుగా డిలే అనే గడి ఉంటుంది. అందులో మిల్లీసెకన్లు రాస్తే బొమ్మ నాణ్యత వెంట్రుకవాసి కూడా చెడకుండా పని అయిపోతుంది. అయిదు నిమిషాల్లో అయిపోయే పనికి కస్టమరు దగ్గర ఎంత వసూలు చేయగలరు? కాబట్టి మొదట్లో మాత్రమే చూడండి. అక్కడ కుదిరేలా ఎంతో కొంత జరపండి. ఆఖర్లో అప్పగింతలప్పుడు ఎవరి ఏడుపు ఎవరి మొహం మీద పడుతుందో మనకెందుకు? ఆ వేళకు అందరూ ఏడుస్తూనే ఉంటారు.

సినిమావాళ్ళు షాటుకు ముందు క్లాప్ కొడతారు. పలక తగిలిన ఫ్రేమూ, శబ్దపు గీతలో పైకి లేచిన మొనా ఒకచోటికి తెస్తే బొమ్మా మాటా కలిసిపోతాయి. పెళ్ళిలో క్లాప్ కొట్టేవాడు ఉండడు గానీ, కొట్టేవాళ్ళకు కొదవ లేదు. కొబ్బరికాయ పగిలే ఫ్రేము ఉంటుంది, దాని చప్పుడు గీతలో సూదిలా లేస్తుంది. మాంగల్యధారణకు పురోహితుడు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకుంటుంది. డోలు మీద పడిన మొదటి దెబ్బ ఎక్కడుందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి దొరికినా మన పని చెడిపోతుంది. అందుకే కాయ కొట్టేచోట స్లో మోషన్ వేయండి. తాళి కట్టేచోట వధువు మొహం, వరుడి మొహం, ఆకాశంలోంచి రాలే గులాబీ రేకులు, గుండ్రంగా తిరిగే గుండె బొమ్మ, ఇట్లా వరసగా అతికించండి. డోలు వాయించే చేతులు పొరపాటున కూడా కనబడకూడదు.

పెదవులు చూసి సరిచేయాలనుకుంటే క, గ, హ అక్షరాల దగ్గర చూడండి. అవి గొంతులోనూ నోటి లోపలా పుట్టేవి, పెదవులకు వాటితో పని లేదు, ఎక్కడ పెట్టినా సరిపోయినట్లే ఉంటుంది. ప, బ, మ జోలికి మాత్రం పోవద్దు. వాటికి పెదవులు రెండూ కచ్చితంగా మూసుకోవాలి, ఒక్క ఫ్రేము తప్పినా దొరికిపోతాం. మన ఖర్మకొద్దీ తెలుగు పెళ్ళిలో అందరూ పిలుచుకునేది అమ్మా, అబ్బా, మామా, బావా, పెద్దమ్మా, పిన్నీ అనే. చుట్టరికాలన్నీ పెదవుల మీదే పుట్టినట్లున్నాయి. డబ్బింగ్ మాటలు రాసేవాళ్ళు ఈ అక్షరాల దగ్గరే తలలు బద్దలు కొట్టుకుంటారు. నిఖా వీడియోల్లో కొంత నయం. వరుడు మూడుసార్లు ఖుబూల్ అంటాడు, మూడుసార్లూ 'బ' దగ్గర పెదవులు కలుస్తాయి, కానీ పూల సెహ్రా మొహం మీదికి వేలాడుతుంటే ఎవరికి కనబడుతుంది? సెహ్రా పక్కకు తీసి కట్టిన పెళ్ళికొడుకు తగిలితే కెమెరాను ఖాజీ గారి మీదికి తిప్పండి.

కళ్ళూ చెవులూ వేర్వేరు మాటలు చెబితే మెదడు మూడోది వింటుందని 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో రాశారు. చెవికి 'బ' వినిపించి, కంటికి 'గ' అనే నోరు చూపిస్తే చాలామందికి 'డ' అని వినబడుతుందట. మనకు ఇది దేవుడిచ్చిన వరం. మేనమామ దీవెన ఒకరకంగా, అది చెవిలో పడేది ఇంకోరకంగా ఉంటే, తప్పు చూసేవాడి మెదడుదని సైన్సే చెబుతోంది.

శబ్దాన్ని ఎటు జరపాలి? ఎప్పుడూ ముందుకే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ప్రకటించిన లెక్క ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్ళు పట్టేస్తారు. అదే వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా కనిపెట్టలేరు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. శబ్దం గాలిలో సెకనుకు 340 మీటర్లకు కాస్త అటూ ఇటూగా పోతుంది. వీరభద్రస్వామి ఉత్సవంలో వంద మీటర్ల అవతల డోలు కొడితే కర్ర తగిలిన దాదాపు మూడోవంతు సెకనుకు గానీ మనకు వినబడదు. పుట్టినప్పటి నుంచీ చప్పుడు ఆలస్యంగా వినడానికే అలవాటు పడిన జనం మనం. చూడకముందే వినబడిన చప్పుడు లోకంలో ఎక్కడా లేదు. ఎక్కడా లేని అనుభవం మీ స్టూడియో ఇస్తోందంటే మీకే గదా పేరు!

సరిచేసింది కుదిరిందో లేదో చూడటానికి బ్లూటూత్ స్పీకరును మించింది లేదు. అది శబ్దాన్ని ఒకటి రెండు వందల మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, తన దగ్గర ఆపుకుని వదులుతుంది. ఫైలు శుభ్రంగా ఉన్నా చెడిపోయినట్లే వినబడుతుంది. దాన్ని బట్టి మంచి ఫైలును చెడగొట్టి, స్పీకరుకు సరిపోయేలా చేసి ఇవ్వండి. వాళ్ళింట్లో వైరుతో నడిచే టీవీలో పెడితే మాటలు మూతికంటే ముందు పరుగెత్తుతాయి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

వీఎల్‌సీ ప్లేయరులో ఇంకో సులువు ఉంది. జె నొక్కితే శబ్దం ఒకవైపు, కె నొక్కితే ఇంకోవైపు 50 మిల్లీసెకన్ల చొప్పున జరుగుతుంది. నాలుగుసార్లు నొక్కి, బాగా కుదిరిందని కస్టమరుకు చూపించి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి డబ్బులు తీసుకోండి. ఆ జరుపుడు ఆ చూపించినంతసేపే, ఫైలులో అక్షరం మారదు. ఇంటికి పోయి పెట్టుకుంటే జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది. ఫోన్ చేస్తే "మా దగ్గర చూసినారు గదన్నా, బాగుండె గదా" అనండి. అది అబద్ధం కూడా కాదు.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకు పెద్ద ఆటస్థలం ఫ్రేముల వేగం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది గనుక వీడియో కెమెరాల్లో 25 ఫ్రేములు పెట్టుకోవడం పాత పద్ధతి. ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. ఫోన్లు ఎక్కువగా 30 తీస్తాయి. పెళ్ళికొడుకు తమ్ముడి ఫోనులోంచి వచ్చిన 30 ఫ్రేముల బొమ్మను సాఫ్ట్‌వేరు చేత 25గా చదివించండి. గంట బొమ్మ 72 నిమిషాలవుతుంది, శబ్దం గంటకే అయిపోతుంది, మిగతా పన్నెండు నిమిషాలూ బంతి మౌనవ్రతంలో సాగుతుంది. శబ్దంలోనూ ఇట్లాంటి అవకాశమే ఉంది. వీడియోకు వాడేది సెకనుకు 48,000 నమూనాలు, సీడీల కాలం నుంచీ పాటలకు వాడేది 44,100. మొదటిదాన్ని రెండోదిగా చదివిస్తే గంట మంత్రాలు అయిదు నిమిషాల పైచిలుకు సాగుతాయి, పురోహితుడి గొంతు నిద్రపోతున్నట్లు బరువెక్కుతుంది. కచ్చితమైన సంఖ్యలు తెలిస్తే మళ్ళీ వెనక్కి తిప్పేయొచ్చు. అందుకని ఎక్కడా రాసి పెట్టుకోవద్దు.

ఫోను వీడియోల్లో మాయదారి తేడా ఇంకొకటి ఉంది, రాయచోటి స్టూడియోలకు వచ్చే ఫిర్యాదుల్లో సగం దీని పుణ్యమే అని నా అనుమానం. తెల్లవారుజాము ముహూర్తం, పందిట్లో వెలుతురు చాలదు. అటువంటప్పుడు చాలా ఫోన్లు ఫ్రేముకు ఎక్కువ వెలుతురు పట్టడానికి వేగం తగ్గించుకుంటాయి, లైట్లు వెలగగానే పెంచుకుంటాయి. నిమిషానికో వేగం. ఎడిటింగు సాఫ్ట్‌వేరు అంతా ఒకటే వేగమనుకుంటే బొమ్మ ఒకచోట ముందుకీ ఒకచోట వెనక్కీ జారుతుంది. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేరులో తెరిచి చూస్తే వేరియబుల్ అని తానే చెబుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో సాఫ్ట్‌వేరులో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచి ఒకసారి మార్చుకుని, ఆ తర్వాత ఎడిటింగుకు కూర్చుంటే గొడవ ఉండదు. రెండూ ఉచితమే గనుక వాటిని నమ్మలేం. మీరు మాత్రం శబ్దం మొత్తాన్ని పట్టుకుని సాగదీయండి. మొదలూ చివరా కుదురుతాయి. నడుమ తలంబ్రాలు పోసేచోట నవ్వులు ముందొచ్చి, తలంబ్రాలు తర్వాత పడతాయి.

ఇంత చేసినా కొందరు తప్పు పడతారు. వాళ్ళకు సినిమా చరిత్ర చెప్పండి. 1932లో భక్తప్రహ్లాదతో మన తెర మాట్లాడటం మొదలుపెట్టింది. తొలి టాకీల్లో ఎవరి పాట వాళ్ళే పాడుకునేవాళ్ళు. తర్వాత నేపథ్య గాయకులొచ్చారు, నోరొకరిది గొంతొకరిది అయింది. 1950లో వచ్చిన ఆహుతిని తెలుగులో తొలి డబ్బింగ్ సినిమాగా చెబుతారు, హిందీ బొమ్మకు మాటలూ పాటలూ శ్రీశ్రీ రాశాడు. అప్పటి నుంచీ పరాయి మూతి మీద మన మాట చూసి చప్పట్లు కొట్టినవాళ్ళం, సొంత మేనత్త మూతి దగ్గర ఇంత పట్టింపు ఎందుకని నిలదీయండి. డబ్బింగ్‌లో ఒక్కో మాటకూ పెదవుల కొలత తీసుకుని కూర్చుంటారన్న సంగతి మాత్రం దాచిపెట్టండి.

ఇవేవీ పనిచేయకపోతే బ్రహ్మాస్త్రం ఉంది: సినిమా పాట. పెళ్ళి వీడియో మొదటి నుంచి చివరిదాకా పాటలు పరిచేయండి. నలుగు పెట్టేటప్పుడు ఒకటి, జీలకర్ర బెల్లానికి ఒకటి, అప్పగింతలకు విషాదగీతం. మాటే లేనప్పుడు మూతికి తంటా ఏముంది? జిల్లాలో సగం పెళ్ళిళ్ళు ఇట్లానే బతికిపోయాయి. యూట్యూబులో పెడితే పాట హక్కులవాళ్ళు శబ్దాన్ని మూసేయొచ్చు. అప్పుడు ఉన్న కాస్త గొడవ కూడా తీరిపోతుంది.

పాట కింద పోయేవి ఏమంత గొప్పవి గనక? పందిట్లో ముసలమ్మలు నలుగురు కూచుని ఎవరి శ్రుతిలో వాళ్ళు పాడిన పాట, అది పాటని కూడా ఎవరూ అనుకోరు. "వాడొచ్చింటే బాగుండు" అని నాయనమ్మ ఎవరితోనో అన్న మాట. బంతిలో "అన్నం కొంచెం పెట్టించుకో నాయనా" అని మామ గట్టిగా కేకేయడం. కెమెరా వైపు చూసి కువైట్లో ఉన్న కొడుకు పేరు పెట్టి పిలిచి, ఏం చెప్పాలో తోచక నిలబడిపోయిన తల్లి. మైకు దూరంగా ఉంది, చుట్టూ మేళం, ఆమె గొంతు అంతంతమాత్రం. తేడా ఏడు ఫ్రేములు, జరిపితే కుదిరేది. అయినా పాట వేసుకుంటే ఎంత రిచ్‌గా ఉంటుంది!

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగానే పంపండి. అది నొక్కి, పిండి, చిన్నది చేసి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్లు పోతుంది, 2 జీబీ దాకా తీసుకుంటుంది, దాంతో మన పనితనం మొత్తం బయటపడుతుంది. మామూలుగా పంపినదాన్ని ముక్కలు ముక్కలుగా, ఒకరి నుంచి ఒకరికి తిప్పి పంపిస్తే ఇంకా మంచిది. తప్పు ఏ మెట్టు దగ్గర చేరిందో దేవుడికి కూడా తెలియదు.

ఆఖరి జాగ్రత్త, అన్నిటికన్నా ముఖ్యమైనది. పెన్‌డ్రైవ్ చేతికిచ్చిన రోజే కెమెరా కార్డు చెరిపేయండి. హార్డ్ డిస్కులు ఊరికే రావు. కార్డులోని అసలు ఫైలుంటే ఎవడైనా ఎప్పుడైనా వచ్చి సరిచేయమంటాడు. లేకపోతే ఫోన్ ఇట్లా రెండు నిమిషాల్లో ముగుస్తుంది:

"అన్నా, వీడియో వచ్చింది. బాగుంది. పాటలు బాగున్నాయి."

"సంతోషం అన్నా."

"మాయమ్మ కెమెరా కాడికొచ్చి ఏందో అనింది గదా. పాట పడి ఏం ఇనపడల్యా. ఆ పాట తీసేసి, ఆ ముక్క ఒక్కటి పంపుతావా? డబ్బులు ఎంతైనా ఇస్తా."

"డబ్బులదేముందిలే అన్నా. ఆ కార్డులో ఇప్పుడు సంబేపల్లె వాళ్ళ సీమంతం ఉంది."