గీజరుకు పదోన్నతి

అమీర్‌పేటలో సొంతిల్లుందని నన్ను చూసి కుళ్లుకునేవారికి ఒక మనవి. మా పై అంతస్తులో ఉన్నది హాస్టలు. కోచింగ్‌కొచ్చిన కుర్రాళ్లంతా పొద్దున్నే ఒకే ముహూర్తానికి స్నానాలకు దిగుతారు. వాళ్ల కోసం డాబా మీద 500 లీటర్ల గీజరు, అందులో మూడేసి కిలోవాట్ల కాయిళ్లు మూడు. మూడింటినీ ఇన్నాళ్లూ ఒకే ఫేజు మీద తోలారు. 9 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు 39 ఆంపియర్లు. అది ఆన్ అయిందంటే కింద మా హాల్లో లైటు నీరసించేది. మీటరు దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, మెట్లెక్కేవాళ్లందరికీ కాలిన వాసన.

"త్రీ ఫేజ్ చేయించండి సార్, ఇక తిరుగుండదు" అన్నాడు ఎలక్ట్రీషియన్. పక్కనే ఉన్న మా బామ్మర్ది "అవును బావా, బిల్లు మూడో వంతుకు పడిపోద్ది, నీళ్లు మూడు రెట్లు తొందరగా కాగుతాయి" అని రెండు వరాలూ ఒకేసారి ఇచ్చేశాడు. అతను బీకాం.

బిందెడు నీళ్లు ఒకరు మోసినా ముగ్గురు మోసినా బిందెడే. 500 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే ఇరవై యూనిట్లు, రెండుంపావు గంటలు. ఫేజులెన్నయినా అంతే. తగ్గేదల్లా వైరు మీద బరువు: 39 ఆంపియర్లు కాస్తా ఫేజుకు 13 అవుతాయి. ఈ మాత్రం భాగ్యానికి దరఖాస్తు, డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్, కొత్త మీటరు. కనెక్షన్ నా పేరున ఉంది కనుక కౌంటర్ల చుట్టూ తిరిగే యోగం నాది. కాంట్రాక్ట్ లోడు పెరిగింది కనుక ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా పెరిగింది.

తర్వాత వైరింగు. పాత థర్మోస్టాట్ ఒక్క వైరునే తెంచగలదట, మూడింటినీ తెంచడానికి కాంటాక్టర్ కొనాలట. కొన్నాం. ఎలక్ట్రీషియన్ టీకి వెళ్లిన సందు చూసి అతని శిష్యుడు ఒక్కో కాయిల్‌ని రెండేసి ఫేజుల మధ్య బిగించేయబోయాడు. ఒక కొస ఫేజుకి, రెండో కొస న్యూట్రల్‌కి ఇవ్వాల్సినవి అవి. 230కి చేసిన కాయిల్‌కి 400 ఇస్తే పవర్ మూడింతలవుతుంది. మా బామ్మర్ది చెప్పిన వేగం అప్పుడు నిజంగానే వస్తుంది, కాయిల్ బతికున్నంతసేపూ.

అసలు బాధ ఇప్పుడు మొదలైంది. ఇదివరకు కరెంటు పోతే అందరికీ పోయేది, మనసు కుదుటగా ఉండేది. ఇప్పుడు మా ఇల్లు ఎర్ర ఫేజు మీద, హాస్టలు మూడింటి మీద. ఎర్రది పోయిందంటే ఇంటి ఓనరు కొవ్వొత్తి వెతుక్కుంటుంటాడు, పైన రెండు కాయిళ్లతో నీళ్లు తాపీగా కాగుతుంటాయి. కాంటాక్టర్‌కి కరెంటు నీలం ఫేజు నుంచి. అది పోతే మిగతా రెండూ నిక్షేపంగా ఉన్నా గీజరు మూగనోము పడుతుంది. అప్పుడు తువ్వాళ్లతో మా గుమ్మం ముందు క్యూ. "మీ ఇంట్లో లైటు వెలుగుతోందిగా అంకుల్, మాకెందుకు ఆపేశారు?"

వాళ్లలో ఒకడు ఏఈ పరీక్షకు చదువుతున్నాడు. స్టార్, డెల్టా నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఏ ఫేజు పోయిందో చూడు నాయనా అని టెస్టర్ చేతికిస్తే, రెండడుగులు వెనక్కేసి "లైన్‌మన్‌కి ఫోన్ చేయండి అంకుల్" అంటాడు.