మొదటి ఫొటో

తడలో నిలబడితే తూర్పున పులికాట్ సరస్సు, పడమట కంబాకం కొండలు. నడుమ చెన్నై హైవే, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే బస్సులు. 2022లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా యాస, మా పులుసు నెల్లూరువే. మద్రాసు నుంచి ఉబ్బలమడుగు జలపాతం కోసం వచ్చే కుర్రాళ్లు చాలామందే. అడవి కోసం వచ్చేవాళ్లు అరుదు. అందుకే మొన్న వేసవిలో ఇద్దరు తెలుగు పిల్లలు, పొరుగు రాష్ట్రంలో ఫారెస్ట్రీ చదివేవాళ్లు, ఇంటర్న్‌షిప్‌కి వచ్చి మా మేడ మీద గది అడిగితే అద్దె మాట ఎత్తకుండా తాళం చేతికిచ్చాను.

అటవీ నిర్వహణ, సంరక్షణ వాళ్ల అంశం. అడవిలో పది మీటర్ల చదరాలు తాళ్లతో గీసుకోవాలి. లోపలున్న ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి కొలవాలి. కింద మొలకలెన్నో లెక్కపెట్టాలి. పెద్ద చెట్లుండి మొలకలు లేకపోతే ఆ అడవి ముసలిదైపోతోందని అర్థం. చివర్లో అడవికి ఏవేవి హాని చేస్తున్నాయో రాసి కాలేజీకి ఇవ్వాలి. మంచి చదువు. ఇలాంటి చదువుకి మన పిల్లలు ఇంకా చాలామంది రావాలని నా కోరిక.

దారి తెలిసిన మనిషి కావాలన్నారు. యానాది కాలనీలో ఉండే తాతకు కబురు పెట్టాను.

ఆయన తండ్రి శ్రీహరికోట అడవిలో పెరిగినవాడు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక అక్కడి కుటుంబాలు చాలా వరకు ఇవతలికి వచ్చేశాయి. అంతకు చాలా ముందే, 1835లో, మద్రాసు నగరానికి వంటచెరకు కావాలని తెల్లవాళ్ల ప్రభుత్వం ఆ దీవిని స్వాధీనం చేసుకుంది. తేనె, సుగంధిపాల, ముష్టి గింజలు, బట్టలకు ఎర్రరంగు పట్టే చిరివేరు ఏరి సర్కారుకి అప్పగించింది యానాదులే. ఆ చేతులకు తెలిసినంత అడవి ఏ పుస్తకంలో ఉంటుంది?

పిల్లలు ఫోన్‌లో ఆకు ఫొటో పెట్టి పేరు వెతికేలోపు తాత బెరడు గోటితో గీరి, వాసన చూసి చెప్పేసేవాడట. ఇది అల్లి, ఇది పాల, అది ముష్టి, దాని గింజ నోట్లో పెట్టొద్దు. ఏ చెట్టు కింద ఎలుగు తిరిగిందో, ఏ పుట్ట దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యాలో కూడా ఆయనే చూపించాడు. మధ్యాహ్నం వాగు పక్కన మూడు రాళ్లు పెట్టి మా ఇంటి బియ్యం, రొయ్యపప్పుతో వంట చేసేవాడు. ముందు చుట్టూ ఎండుటాకులు బారెడు దూరం ఊడ్చి, వంటయ్యాక నిప్పుల మీద నీళ్లు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూసిగానీ లేచేవాడు కాదు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడితే మొలకలన్నీ మాడిపోతాయని పిల్లలకు మొదట చెప్పింది ఆయనే. ఆ ఇద్దరిలో పెద్దబ్బాయి ఈ ముచ్చట్లన్నీ రాత్రిళ్లు నాకు చెబుతుంటే వాడి కళ్లు మెరిసేవి.

కూలి ఇవ్వబోతే తాత ఒప్పుకోలేదు. "పిల్లకాయల చదువుకి కూలేంది అయ్యోరా? పుస్తకంలో నా పేరు రాస్తే చాలు" అన్నాడు.

ఆగస్టులో రిపోర్టు నా ఫోన్‌కి వచ్చింది. క్లాసులో దానికే ఎక్కువ మార్కులు పడ్డాయట. తాతకు కబురు పెడితే పరుగున వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"నా పేరుండాదా అయ్యోరా?"

కృతజ్ఞతల పేజీ తీశాను. ప్రొఫెసర్లున్నారు, అటవీ అధికారులున్నారు, వసతి ఇచ్చినందుకు నేనూ ఉన్నాను. తాత లేడు. చెట్ల పట్టిక చూశాను. ఆయన చెప్పిన పేర్లన్నీ ఉన్నాయి, చెప్పినవాడి పేరు లేదు. అలా వెతుకుతూ 'అడవికి ముప్పులు' అనే అధ్యాయానికి వచ్చాను. అక్కడ మొదటి ఫొటో తాతదే. తలకు తువ్వాలు, చంకలో చిన్న పుల్లల మోపు. కింద ఇంగ్లీషులో రాశారు: స్థానికుల అక్రమ వంటచెరకు సేకరణ.

ఆ మోపులో ఒక్క పచ్చి కొమ్మ లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులు సేకరించుకోదగిన అటవీ ఫలసాయంలో తేనె, వెదురుతో పాటు పొద పుల్లలనూ, చెట్ల మోళ్లనూ చేర్చింది. యానాదులు ఈ రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కారు. అడవిలో కనిపించే పేదవాణ్ణి ముప్పుల కింద రాయడమే వాళ్లకు చదువు నేర్పింది. ఆ చదువు తప్పు.

తాత ఫోన్ రెండు చేతులా పట్టుకుని మురిసిపోయాడు. "నేనే గదా! బొమ్మ బాగా పడిందే. కింద ఏం రాసినారయ్యోరా?"

నాకు నోరు పెగల్లేదు. నేను జవాబు చెప్పేలోపు ఆయనే అందుకున్నాడు.

"ఇది ఆ వాగుకాడ తీసింది. చిన్నోడు ఆకలేస్తా ఉండాది తాతా అంటే, వాళ్లకి అన్నం వండేదానికి పుల్లలేరుకొస్తా ఉండా."