864 మందిలో నేనొకణ్ణి

నేనొక ఆర్గాన్ పరమాణువును. మీరు పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక పాలు మావాళ్ళే. నేను మాత్రం గాలిలో పుట్టలేదు. షికాగో దగ్గర ఆర్గోన్ నేషనల్ లేబొరేటరీలో, సీడీసీ 3600 అనే కంప్యూటర్‌లో పుట్టాను. నా ఒళ్ళంతా కలిపి ఆరు సంఖ్యలు: నేనున్న చోటు చెప్పేవి మూడు, నా వేగం చెప్పేవి మూడు. నాకు తోడబుట్టినవాళ్ళు 863 మంది.

మాకు ప్రాణం పోసినాయన అనీసుర్ రెహమాన్. 1927లో హైదరాబాదులో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లూవెన్‌లో డాక్టరేటు తీసుకుని, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, 1960లో ఆర్గోన్‌కు వచ్చారు. ద్రవంలో ఒక్కొక్క పరమాణువు ఎలా కదులుతుందో చూడాలన్నది ఆయన తపన. ఏ సూక్ష్మదర్శినికీ అందని ఆ కదలికను లెక్కగట్టి చూశారు.

మా ఇల్లు ఒక పెట్టె. ఒక్కో పక్క 35 ఆంగ్‌స్ట్రామ్‌లు కూడా ఉండదు. కుడిగోడ దాటితే ఎడమగోడలోంచి లోపలికి వస్తాం. చలి మైనస్ 179 డిగ్రీలు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పికోసెకను. అందులో నూరో వంతు మాకొక అడుగు. అడుగడుగునా రెహమాన్ లెక్క మమ్మల్ని అడిగేది ఒక్కటే: నిన్ను ఎవరెంత గుంజుతున్నారు, ఎవరెంత నెడుతున్నారు? మేం కాస్త ఎడంగా ఉంటే ఒకరినొకరు గుంజుకుంటాం, మరీ దగ్గరైతే నెట్టుకుంటాం. మా బతుకంతా ఈ రెండు పనులే.

ఒకసారి ఏం జరిగిందో చెబుతాను. నేను కుడివైపు బయల్దేరాను. ఎదురుగా ఒక పొరుగువాడున్నాడు. నేను నెడితే కొంచెం జరిగాడు, కానీ వాడి వెనకా ఒకడున్నాడు. హైదరాబాదు నుమాయిష్ రద్దీలో ముందుకు తోసుకెళ్ళినవాడు ఎంత దూరం పోగలడు? నా చుట్టూ ఉన్న పన్నెండు, పదమూడు మంది కలిసి పంజరంలా నిలబడ్డారు. నేను తోసినప్పుడు ఆ పంజరం ఒకవైపు సాగింది. సాగిన పంజరం వెంటనే సర్దుకోలేదు. నేను నెట్టిన సంగతి వాళ్ళు నిలబడ్డ తీరులోనే మిగిలిపోయింది. మరుక్షణం అదే నన్ను ఎడమవైపు తిప్పికొట్టింది.

మా అందరి వేగాలనూ రెహమాన్ కాసేపటి కిందటి వేగాలతో పోల్చి గీత గీశారు. అర పికోసెకను కూడా గడవకముందే ఆ గీత సున్నా కిందికి దిగింది. అంటే సగటున మేం వచ్చిన దారినే వెనక్కి తిరుగుతున్నాం.

అంతకుముందు పెద్దలు వేరేలా ఊహించారు. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోంచి వచ్చిన నలుసులు నీళ్ళలో కదలాడటం చూశాడు. 1905లో ఐన్‌స్టీన్ దాని కారణం విప్పి చెప్పాడు. 1908లో లాంజ్‌వా ఆ కదలికకు సమీకరణం రాశాడు: ఘర్షణ ఈ క్షణపు వేగం మీదే ఆధారపడుతుంది, తగిలే దెబ్బలకు ముందూ వెనకా సంబంధం లేదు. నలుసు విషయంలో ఇది చాలావరకు సరిపోయింది. నీటి అణువుల ముందు నలుసు కొండంత. అది కాస్త కదిలేలోగా అవి ఎన్నోసార్లు చెదిరి సర్దుకుంటాయి. కానీ నేనూ నా పొరుగువాడూ ఒకే పరిమాణం వాళ్ళం. నేను కదిలేంత సేపే వాడు సర్దుకోవడానికీ పడుతుంది. అందుకే నిన్నటి నా పరుగు నేటి నా ఘర్షణలో ఉంటుంది. ఈ జ్ఞాపకాన్ని సమీకరణంలోకి తెచ్చినవాళ్ళు భౌతికశాస్త్రవేత్తలు ష్వాన్‌జిగ్, మోరి.

తర్వాత 1970లో ఆల్డర్, వెయిన్‌రైట్ మరో సంగతి కనిపెట్టారు. కదిలే కణం ముందున్నవాళ్ళను తోస్తే, వాళ్ళు చుట్టూ తిరిగి సుడిలా వెనక నుంచి వచ్చి దాన్నే ముందుకు నెడతారు. ఆ జ్ఞాపకం చాలా నెమ్మదిగా చెరుగుతుంది.

నా వేగం సెకనుకు సుమారు 240 మీటర్లు. అయినా నిజమైన ద్రవ ఆర్గాన్‌లో నాలాంటివాడు సెకను తర్వాత బయల్దేరిన చోటికి మిల్లీమీటరులో ఎనిమిదో వంతు దూరంలోనే ఉంటాడు. అంత పరుగునూ పట్టి ఉంచేది ఘర్షణే. ఒకప్పుడు అది నాకు శత్రువనుకున్నాను. కాదు. ఘర్షణంటే నా కదలికను పొరుగువాళ్ళు గుర్తుపెట్టుకోవడం. నన్ను ఆపేదీ, నన్ను కదిలించేదీ ఆ పొరుగువాళ్ళే.

రెహమాన్ 1987లో కన్నుమూశారు. ఆయన పేరిట అమెరికన్ ఫిజికల్ సొసైటీ బహుమతి ఇస్తోంది. భౌతికశాస్త్రం చదివే పిల్లలకు నాదొక మాట. ఆనాడు ప్రయోగశాలకున్న పెద్ద కంప్యూటర్ చేసిన లెక్కను ఈనాడు మీ లాప్‌టాప్ చిటికెలో చేస్తుంది. 864 మందినీ మీరే పెట్టెలో వేయండి, వేగాల గీత మీరే గీయండి. అది సున్నా దాటి కిందికి దిగే చోట, వెనక్కి తిరుగుతూ నేను మీకు కనిపిస్తాను.