పదమూడు చింతగింజల నేరం

మా ఎదురింటి బుడ్డోడు ఐదో తరగతి. ఇంటికి ఎవరొచ్చినా వాళ్లమ్మ "అంకుల్‌కి ప్రైమ్ నంబర్లు చెప్పు కన్నా" అంటుంది. వాడు చేతులు కట్టుకుని, 2తో మొదలెట్టి 97 దాకా 25 సంఖ్యలనూ ఒక్క గుక్కలో దించేసి, పకోడీల పళ్లెం కేసి చూస్తాడు. మొన్న నా నోరు ఊరుకోలేదు. "తొంభై ఒకటి వదిలేశావేంట్రా?" అన్నాను. పాపం, వాడి మొహం పాలిపోయింది. "సారీ అంకుల్, ఈసారి కలుపుతా" అన్నాడు. వాళ్లమ్మ వెంటనే డైరీలో రాసుకుంది.

అదే రోజు పొద్దున ఆ నోటితోనే వాడు "థర్టీన్ సెవెన్స్ ఆర్ నైంటీ వన్" అని వీధంతా వినబడేలా వల్లించాడు. మా కాలంలో అయితే పదమూడేళ్లు తొంభై ఒకటి. వాడి తప్పేం లేదు. ఎక్కాల నోట్సు వేరు, ప్రైమ్ నంబర్ల నోట్సు వేరు. అట్టలు వేరు, బిల్లులు వేరు. ఒకదాన్లోది ఇంకోదాన్లోకి కారకుండా బడివాళ్లు పకడ్బందీగా గోడ కట్టారు.

ఆ బడి మామూలుది కాదు. ఒకటో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని వీధి మొగలో ఫ్లెక్సీ కట్టింది. పునాది భూమిలో ఉంటుందని పిచ్చి మేస్త్రీలు అనుకుంటారు. వీళ్లది నాలుగో అంతస్తులో, రేకుల షెడ్డు కింద ఉంటుంది. ప్రధాన సంఖ్య అంటే ఏమిటో తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా చెప్పే బోధనోపకరణం అక్కడ ఒకటుంది: ఫీజు. రెండు వాయిదాలన్నా, మూడు వాయిదాలన్నా భాగింపబడదు.

తరగతి గోడకి లామినేషన్ చేసిన చార్టు వేలాడుతుంది. 100 గళ్లు, వాటిలో 25 ఎర్రగా. కింద ఎరటోస్తనీస్ జల్లెడ అని పేరు. 2,200 ఏళ్ల కిందటి ఆ గ్రీకు పెద్దాయన పద్ధతి చాలా తేలిక. 1ని పక్కన పెట్టు. 2ని ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టెయ్. తర్వాత 3వి, 5వి, 7వి. నాలుగే విడతలు. ఆ పై మిగిలేది 11. పదకొండు పదకొండ్లు 121, వంద దాటిపోయింది కనక జల్లెడ దించెయ్యొచ్చు. ఏడో ఎక్కం విడతలో 91ని తన పెన్సిలుతో తానే కొట్టేసిన పిల్లాడు పకోడీల దగ్గర నాకు సారీ చెప్పడు. కానీ గళ్లు మురికవుతాయి, అరగంట పోతుంది, క్లాసులో అల్లరవుతుంది. అందుకని బడివాళ్లే జల్లించి, ప్యాకెట్టు కట్టి అమ్ముతున్నారు.

మాటల సంగతి ఇంకా ముచ్చటైనది. ప్రధాన సంఖ్య అంటే ప్రధానోపాధ్యాయుడి ఫోన్ నంబరు అన్న పిల్లాణ్ణి నేనెరుగుదును. నా లెక్కలో వాడు మేధావి. మాట అన్నాక దానికో అర్థం ఉండి తీరాలని ఇంకా నమ్ముతున్నాడు. సర్కారు బడికి వెళ్తే ద్విభాషా పుస్తకం ఉంది. ఒక పేజీలో ఇంగ్లీషులో అర్థం కాని ముక్క ఎదుటి పేజీలో తెలుగులోనూ అర్థం కాకుండా జాగ్రత్తపడ్డారు. పక్క గదిలో తెలుగు టీచరు 'పద్మ'లోని 'ద్మ'ను విడగొట్టించి, దీన్ని సంయుక్తాక్షరం అంటారర్రా అని చెబుతుంటుంది. గోడకి ఇవతల లెక్కల మాస్టారు 12ని సంయుక్త సంఖ్య అంటాడు. 12ని 2×2×3గా విడగొట్టడం కూడా అలాంటి పనేనని ఆమె ఆయనకి చెప్పదు, ఆయన పిల్లలకి చెప్పడు. గోడ మందం తొమ్మిదంగుళాలే.

"మరి 1 ఎందుకు ప్రైమ్ కాదు సార్?" అని ఓ పిల్ల అడిగింది. బెంచీ ఎక్కించారు. న్యాయంగా అయితే ఆ బెంచీ మీద ఇంకొందరు పెద్దమనుషుల్ని కూడా ఎక్కించాలి. గణితవేత్త గోల్డ్‌బాక్ 1ని ప్రధాన సంఖ్యల్లోనే లెక్కేసుకున్నాడు. 1914లో డి.ఎన్. లేమర్ అచ్చువేసిన ప్రధాన సంఖ్యల పట్టిక, కోటి దాటి పోయేది, 1తోనే మొదలవుతుంది. తర్వాత్తర్వాత అందరూ 1ని ఎందుకు బయటికి పంపారంటే, అది ఉంటే 12ని 2×2×3 అనీ రాయొచ్చు, 1×2×2×3 అనీ రాయొచ్చు, ఇంకో నాలుగు ఒకట్లు తగిలించీ రాయొచ్చు. సంఖ్యకి ఒక్కటే విరుపు అన్న కట్టుబాటు ఊడిపోతుంది. పదేళ్ల పిల్లకి ఇది చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. మాస్టారు అర సెకనులో తేల్చేశారు: "సిలబస్‌లో లేదు."

సిలబస్ ఊసే ఎరగనివాళ్లకి ఈ లెక్కలు చేతుల్లో ఉండేవి. 1957కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. అంటే 192. చదువు రాని అవ్వ ముగ్గురు మనవలకి రూపాయి పంచితే తలా 5 అణాల 4 పైలు, పేచీ లేదు. 192కి 14 కారణాంకాలు, మన 100 పైసలకి తొమ్మిదే. ఆ అవ్వకి కారణాంకమన్న మాట తెలీదు, పంచడం తెలుసు. మనం సరిగ్గా తిరగేశాం. 2024 అసర్ విద్యా సర్వేలో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగినవాళ్లు మూడో వంతు కూడా లేరు. భాగించడం రానివాడి చేత నిశ్శేషంగా భాగింపబడనిదానికి నిర్వచనం, అదీ ముత్యాల్లాంటి దస్తూరీతో, రాయించగలగడం మనకే చెల్లింది.

మొన్న ఆదివారం మా బుడ్డోడి నాయనమ్మ ఊరి నుంచి వామనగుంటల పీటతో దిగింది. వాడు 12 చింతగింజలు తీసి వరసలు పేర్చాడు. రెండు వరసలు, మూడు వరసలు, నాలుగు, ఆరు... అన్నీ కుదిరాయి. ఇంకో గింజ వేశాడు. గంటసేపు కుస్తీ పట్టాడు. "ఇది మొండిది నాయనమ్మా, ఒకే వరసలో తప్ప కూర్చోదు" అన్నాడు. "నీలాగే" అందావిడ.

సోమవారం ఆ గింజలు జేబులో వేసుకుని బడికి పోయాడు, సార్‌కి చూపిద్దామని. సాయంత్రం డైరీలో ఎర్రసిరా: "క్లాసులో ఆటవస్తువులు. 13 చింతగింజలు స్వాధీనం. తల్లిదండ్రులు సంతకం చేయవలెను."

స్టాఫ్ రూములో ఆరుగురు వాటిని తలా ఇన్ని పంచుకోబోయారట. ఎంతకీ సమంగా రాలేదట. చివరికి పదమూడూ ప్రిన్సిపాల్‌గారొక్కరే సొరుగులో వేసుకున్నారు.